విశాఖ ఉక్కు టీఎంటీ ఊచలు: ఇనుము గట్టిది, సరఫరాయే దోబూచులాట

ఇల్లు కట్టేవాళ్లకు ముందుగా తీర్పు చెప్పేస్తే మేలు. రెండు మూడంతస్తుల ఇంటికి ఫుటింగు నుంచి స్లాబు దాకా విశాఖ ఉక్కు కర్మాగారం ఎఫ్‌ఈ 500డి ఊచ నిశ్చింతగా కొనొచ్చు. కాకపోతే కళ్లు మూసుకుని కాదు, ఒక కన్ను కాటా మీద వేసి ఉంచాలి. లోహం శుభ్రమైనది, వంపు దగ్గర చిట్లదు. చిక్కంతా దొరకడంలోనే. 8 మి.మీ. ఉంటే 12 ఉండదు. 12 వచ్చేసరికి 16 అయిపోయి ఉంటుంది. ధర తుక్కు కరిగించి చేసే సెకండరీ బ్రాండ్ల కన్నా టన్నుకు కొన్ని వేలు ఎక్కువే. ఈ మంచీ ఈ చిక్కూ రెండూ ఒకే చూలుకు పుట్టిన కవలలు. అది అర్థం కావాలంటే స్వాతంత్ర్యం వచ్చాక దేశం ఉక్కు ఎలా చేసుకోవాలనుకుందో, ఆ పనిని ఎక్కడ సగంలో వదిలేసిందో కాస్త చూడాలి. దానికి ముందు ఊచ సంగతి.

ఊచ లోపల

బజారులో టీఎంటీ ఊచలు రెండు జాతులు. ఖనిజాన్ని బ్లాస్ట్ ఫర్నేసులో కరిగించి, వచ్చిన ద్రవ ఇనుములోకి కన్వర్టర్లో ఆక్సిజన్ ఊది ఉక్కుగా మార్చి చేసేది ఒకటి. దీన్ని వ్యాపారులు ప్రైమరీ అంటారు. విశాఖ సరుకు ఈ కోవలోదే. తుక్కు, స్పాంజ్ ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండానే తీసిన ఇనుము) కలిపి ఇండక్షన్ ఫర్నేసులో కరిగించి రోలింగ్ మిల్లులో లాగేది రెండోది, సెకండరీ. ఇండక్షన్ ఫర్నేసు కరిగించడంలో దిట్టే గానీ శుద్ధి చేయడంలో కాదు. తుక్కులో ఎంత భాస్వరం, గంధకం ఉందో అందులో చాలావరకు ఊచలోకే దిగుతుంది. భాస్వరం మితిమీరితే ఊచ పెళుసుబారుతుంది, మేస్త్రి వంచినప్పుడు వంపు బయటి అంచున సన్నని నెర్రె కనిపిస్తుంది. గంధకం ఎక్కువైతే ఎర్రగా కాలి ఉండగానే, రోలింగులోనే పగుళ్లు మొదలవుతాయి. సెకండరీ అంతా చెత్త అనడం అన్యాయం, లాడిల్ రిఫైనింగ్ (కరిగిన ఉక్కును పాత్రలో ఉంచి శుద్ధి చేయడం) పెట్టుకుని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసేవాళ్లూ ఉన్నారు. అయితే ఈ హీటు (ఒక్క విడతలో కరిగించిన ఉక్కు) మంచిదా, పక్క హీటు మంచిదా అన్నది కొనేవాడికి పైకి చూస్తే తెలియదు.

ఐఎస్ 1786 ప్రమాణం ప్రకారం మామూలు ఎఫ్‌ఈ 500లో కార్బన్ 0.30 శాతం దాకా ఉండొచ్చు, 500డిలో 0.25 దాటకూడదు. 500లో గంధకం, భాస్వరం ఒక్కొక్కటి 0.055 శాతం వరకు అనుమతిస్తారు. 500డిలో ఒక్కొక్కటి 0.040కి, రెండూ కలిపి 0.075కి పరిమితం. సాగుడు గుణం 500కి కనీసం 12 శాతం, 500డికి 16 శాతం. రెండింటికీ ఈల్డ్ బలం (ఊచ తిరిగి రానంతగా సాగడం మొదలుపెట్టే ఒత్తిడి) ఒకటే, చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్లు. అంటే ఆ చివరి 'డి' బలాన్ని పెంచదు. భూమి కదిలినప్పుడు పుటుక్కున తెగకుండా సాగి నిలబడే గుణాన్ని ఇస్తుంది. కొట్టువాళ్లు "500 అయినా 500డి అయినా ఒకటే బలం సార్" అంటే, బలం వరకు నిజమే చెబుతున్నారు. కొనేది బలం కోసం మాత్రమే కాదు కదా.

550డి కూడా దొరుకుతుంది. మామూలు ఇంటికి అక్కర్లేదు. ఎం20 గ్రేడు కాంక్రీటు వాడుతూ 550డి వేయించడం ఎడ్లబండికి లారీ టైర్లు తొడిగించడం లాంటిది. పైగా లాప్ పొడవు, అంటే రెండు ఊచలను అతికేచోట ఒకదాని పక్కన ఒకటి ఉంచాల్సిన పొడవు, ఇంకా పెరుగుతుంది.

టీఎంటీ అంటే ఏదో పూత అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పూతేమీ లేదు. రోలింగ్ చివరి స్టాండు దాటిన ఎర్రటి ఊచను ఒత్తిడి మీద నీళ్ల జెట్లలోంచి పంపుతారు. పై పొర ఒక్కసారిగా చల్లారి గట్టి చర్మంలా మారుతుంది. లోపలి వేడి మళ్లీ బయటికి పాకి ఆ చర్మాన్ని కాస్త మెత్తబరుస్తుంది, గుండె భాగం సాగే గుణంతో మిగులుతుంది. దీన్ని పరీక్షించడం తేలిక. ఊచ కోసిన ముఖాన్ని నున్నగా సానబట్టి, ఆల్కహాలులో 5 శాతం నైట్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణం రాస్తే అంచు చుట్టూ ముదురు వలయం తేలుతుంది. వలయం చుట్టూ ఒకే మందంలో ఉంటే నీళ్లు సమంగా పడ్డట్టు. ఒక పక్క మందంగా, మరో పక్క నెలవంకలా ఉంటే నాజిల్ మూసుకుపోయిందని అర్థం. ఆమ్లంతో పని కాబట్టి ఇది సైటులో కాదు, ల్యాబులో చేయించాల్సిన పని.

ఈ ఊచ వెనక ఉన్న కొలిమి

1947 నాటికి దేశం మొత్తం ఉక్కు ఉత్పత్తి పది లక్షల టన్నులకు కాస్త అటూ ఇటూ. జంషెడ్‌పూర్‌లో టాటా, బర్న్‌పూర్‌లో ఇంకొకటి, భద్రావతిలో మైసూరు సంస్థానం పెట్టిన చిన్న కర్మాగారం. పెద్దవి అంతే. రెండు వందల ఏళ్ల పాలనలో రైలు పట్టాలు పరిచారు గానీ, ఆ పట్టాలు ఇక్కడే చేసుకునే ఏర్పాటు మీద శ్రద్ధ లేదు. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం కొత్త ఉక్కు కర్మాగారాలను ప్రభుత్వం కిందే ఉంచింది. రెండో ప్రణాళికలో మూడు ప్లాంట్లు ఒక్కసారే ఎత్తారు: సోవియట్ సాయంతో భిలాయి, పశ్చిమ జర్మనీతో రూర్కెలా, బ్రిటన్‌తో దుర్గాపూర్. ఒక్కొక్కటి పది లక్షల టన్నులకు. అదే ఏడాది రవాణా ఖర్చు సమం చేసే విధానం కూడా వచ్చింది. దేశంలో ఏ మూల కొన్నా ఉక్కు ధర ఒకటే. గనుల పక్కన ఉన్న బీహార్, ఒడిశాలకు ఇది నష్టం చేసిందన్న విమర్శలో బలముంది. తీర ప్రాంతాలకు మాత్రం కలిసొచ్చింది.

విశాఖ కథ వేరు. కర్మాగారానికి ఇది తగిన చోటని 1965లో ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం చెప్పినా ఢిల్లీ నాన్చింది. 1966లో అమృతరావు నిరాహారదీక్ష, తెన్నేటి విశ్వనాథం లాంటి నాయకుల పట్టు, 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' నినాదం, నవంబరు 1న విశాఖలో కాల్పులు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత పదేళ్లు రాయి రాయిగానే ఉంది. 1981లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పాటు. తొలి బ్లాస్ట్ ఫర్నేసు 'గోదావరి' వెలిగేసరికి 1990. తర్వాత 'కృష్ణ', విస్తరణలో 'అన్నపూర్ణ'. ఆలస్యమైన కొద్దీ ఖర్చు అంచనాలను దాటుకుంటూ పోయింది, అప్పూ పెరిగింది.

అసలు మెలిక తేదీల్లో ఉంది. ఉక్కు ధరల మీద ప్రభుత్వ నియంత్రణ, దానితోపాటు రవాణా సమం చేసే విధానం 1992 జనవరిలో పోయాయి. కర్మాగారాన్ని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసింది అదే ఏడాది ఆగస్టు 1న. నియంత్రణల కాలంలో గీసిన నమూనా, నియంత్రణలు ఎత్తేశాక పుట్టిన బిడ్డ. పాత ప్లాంట్లకు సొంత ఇనుప గనులు ఉన్నాయి. దీనికి లేవు. సున్నపురాయికి జగ్గయ్యపేట, డోలమైటుకు మాదారం, మాంగనీసుకు గర్భాం ఇచ్చారు. అసలు తిండి అయిన ఇనుప ఖనిజం మాత్రం కొనుక్కుని తినమన్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప గనుల నుంచి విశాఖకు వచ్చే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం 1960ల్లోనే వేశారు, జపాన్‌కు ఖనిజం ఎగుమతి చేయడానికి. అంటే విశాఖలో ఫర్నేసు వెలగక ముందు రెండు దశాబ్దాల పాటు ఆ ఖనిజం ఊరి మీదుగానే ఓడెక్కి వెళ్లింది. తెల్లదొరలు వెళ్లాక కూడా ముడిసరుకు బయటికి, తయారైన సరుకు లోపలికి అన్న పాత అలవాటు ఎంత మెల్లగా వదిలిందో చెప్పడానికి ఆ లైను ఒక్కటి చాలు.

టన్ను ద్రవ ఇనుముకు సుమారు 1.6 టన్నుల ఖనిజం కావాలి. అది మార్కెట్ ధరకు కొనాలి. కోకింగ్ బొగ్గు ఎక్కువగా విదేశాల నుంచి ఓడల్లో రావాలి. ఈ రెండూ పోగా మిగిలిన దాంట్లోంచి అప్పులకు వడ్డీ కట్టాలి. ఉక్కు ధర బాగున్న ఏడు లాభం, పడిపోయిన ఏడు నిర్వహణకే డబ్బు కటకట. ఉత్పత్తి సామర్థ్యాన్ని 30 లక్షల టన్నుల నుంచి 73 లక్షలకు పెంచుకున్నాక ఈ ఆకలి కూడా పెరిగింది. 2021 జనవరిలో కేంద్రం వంద శాతం అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది, కార్మికులు కూర్మన్నపాలెంలో శిబిరం వేశారు. 2024లో ఒక దశలో మూడు ఫర్నేసుల్లో ఒక్కటే నడిచింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. సొంత గని మాట మాత్రం అందులో లేదు.

మీ ఊరి కొట్లో "12 స్టాకు లేదు" అన్న మాటకు మూలం ఇదంతా. ఫర్నేసు ఆగితే బిల్లెట్లు (ఊచలుగా లాగే ఉక్కు దిమ్మెలు) తగ్గుతాయి. బిల్లెట్లు తగ్గితే మిల్లులు ఏ సైజు ముందు లాగాలో ఎంచుకోవాల్సి వస్తుంది. చిన్న డీలరు వంతు చివర్లో.

తూకం దగ్గర

ఊచ బరువుకు లెక్క ఒక్కటే: వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 8 మి.మీ.కు 0.395, 10కి 0.617, 12కి 0.888, 16కి 1.58. పన్నెండు మీటర్ల ఊచ బరువులు వరుసగా 4.74, 7.40, 10.66, 18.96 కిలోలు. టన్నుకు 8 మి.మీ. అయితే సుమారు 211 ఊచలు, 10 అయితే 135, 12 అయితే 94 రావాలి.

ప్రమాణంలో తేడాకు వీలుంది. 10 మి.మీ. వరకు లాటు మీద 7 శాతం, 12 నుంచి 16 దాకా 5 శాతం, అంతకు పైన 3 శాతం, ఎక్కువైనా తక్కువైనా. ఇక్కడే వ్యాపారం మొదలవుతుంది. ఊచ లెక్కన అమ్మేవాడు కాగితం మీది బరువుకు డబ్బు కట్టించుకుని, కింది అంచున లాగిన పలుచని ఊచ ఇస్తాడు. నాలుగు టన్నుల 10 మి.మీ. ఊచ మీద 7 శాతం అంటే 280 కిలోలు గాలిలో కలిసినట్టే. మీ జేబు సంగతి సరే, ఇంజినీరు లెక్కగట్టిన ఇనుము స్లాబులో పడదు. తూకం లెక్కన కొంటే చిక్కు తిరగబడుతుంది. ఊచ లావైతే టన్నుకు ఊచలు తగ్గుతాయి. విశాఖ సరుకులో బరువు ప్రమాణం చుట్టూనే తిరుగుతుంది, అందుకే దీన్ని తూకానికే కొనాలి. లారీని ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి, డీలరు కాటాలో కాక బయటి వేబ్రిడ్జిలో తూయించండి. తర్వాత కట్టలో ఊచలు లెక్కపెట్టి పై అంకెలతో పోల్చండి. 18 శాతం జీఎస్టీ బిల్లు లేకుండా "కొంచెం తగ్గిస్తాను" అన్నచోట ఆగిపోండి. బిల్లు లేని సరుకుకు హీటు నంబరు అడిగే హక్కు కూడా ఉండదు.

ఊచ ఒంటి మీద తయారీదారు గుర్తు రోలింగులోనే ఉబ్బెత్తుగా పడి ఉంటుంది, రంగుతో కొట్టింది కాదు. పేరులో ఎక్కడో 'వైజాగ్' అని ఉన్నంత మాత్రాన అది ప్లాంటు సరుకు అయిపోదు. కట్టకు కట్టిన ట్యాగు మీద గ్రేడు, హీటు నంబరు, ఐఎస్ఐ లైసెన్సు నంబరు ఉంటాయి. టెస్ట్ సర్టిఫికెట్ మీది హీటు నంబరు ట్యాగుతో కలవాలి. చాలా కొట్లలో ఒకే సర్టిఫికెట్ జిరాక్సు ఏడాది పొడవునా అందరికీ ఇస్తారు. తేదీ చూస్తే దొరికిపోతారు.

8 మి.మీ. చుట్టగా వచ్చినప్పుడు డీలరు మెషిన్లో సాగదీసి ముక్కలు కోయిస్తాడు. రోలర్లు బిగించి లాగితే ఊచ మీది గళ్లు చదునవుతాయి. కాంక్రీటు ఊచను పట్టుకునేది ఆ గళ్లతోనే. వేలితో తడిమి, పక్కన సాగదీయని ముక్క పెట్టుకుని చూడండి. తేడా స్పష్టంగా తెలిస్తే వెనక్కి పంపండి.

మేస్త్రి చేతిలో

500డికి ప్రమాణం చెప్పే వంపు పరీక్షలో 20 మి.మీ. వరకు ఊచను దాని వ్యాసానికి మూడు రెట్లు ఉన్న మాండ్రెల్ (గుండ్రటి కడ్డీ) చుట్టూ వంచాలి, నెర్రె రాకూడదు. 12 మి.మీ. ఊచకు 36 మి.మీ. మాండ్రెల్ అన్నమాట. సైటులో చెక్క మీద మేకుల్లాంటి సన్నని పిన్నులు కొట్టి, ఊచ వంచే కీతో ఒక్క ఊపున మడతపెట్టేస్తారు. విశాఖ ఊచ చాలాసార్లు దీన్నీ భరిస్తుంది, అది దాని మంచితనం. మంచితనాన్ని అలుసుగా తీసుకోవద్దు. ఒకసారి వంచింది తిన్నగా చేసి మళ్లీ వంచడం, గ్యాసుతో ఎర్రగా కాల్చి వంచడం అసలే వద్దు. కాలిస్తే నీళ్లతో తెచ్చిన ఆ గట్టి చర్మం పోతుంది, టీఎంటీకి పెట్టిన డబ్బు బూడిదవుతుంది.

రింగుల కొక్కెం 135 డిగ్రీలు లోపలికి తిరగాలి. చివర తోక వ్యాసానికి ఆరు రెట్లు గానీ 65 మి.మీ. గానీ, ఏది ఎక్కువైతే అది. 8 మి.మీ.కు 65 మి.మీ.యే. 90 డిగ్రీలకు వదిలేసిన రింగు భూకంపంలో విచ్చుకుంటుంది, లోపలి ఊచ ఎంత మంచిదైనా ప్రయోజనం ఉండదు.

ఎక్కువ తప్పులు జరిగేది లాపు దగ్గర. చాలామంది మేస్త్రీల చేతి లెక్క టీఎంటీకి ముందు వాడిన మెలితిప్పిన టోర్ స్టీలు కాలం నాటిది. అప్పటి 415 గ్రేడుకు ఎం20 కాంక్రీటులో వ్యాసానికి 47 రెట్లు చాలేది. 500 గ్రేడుకు అదే కాంక్రీటులో 57 రెట్లు కావాలి, ఎం25 అయితే 49. 12 మి.మీ. ఊచకు ఎం20లో 68 సెంటీమీటర్లు, 16కి 91. "రెండడుగులు చాలు" అని 60 సెంటీమీటర్ల దగ్గర కోసేస్తే 12కే చాలదు. బీములో కింది ఊచలను స్పాను మధ్యలో అతకొద్దు, అన్నింటినీ ఒకే చోట అసలే వద్దు. కాలమ్‌కు అయితే ఎత్తు మధ్య భాగంలో. ఈ అదనపు పొడవును అంచనాలో కలుపుకోకపోతే స్లాబు ముందురోజు పది ఊచలు తక్కువ పడతాయి. అప్పుడు పక్క కొట్టు నుంచి ఏ బ్రాండు దొరికితే అది తెచ్చి కలిపేస్తారు.

తీరం పక్క ఇళ్లకు

విశాఖ ఊచ కదా, సముద్రపు గాలికి తట్టుకుంటుందనుకోవడం అమాయకత్వం. మామూలు 500డిలో తుప్పు ఆపే మిశ్రమ లోహాలేమీ ఉండవు. తీరప్రాంతంలో ఊచను కాపాడేది పైనున్న కాంక్రీటే. ఉప్పుగాలి నేరుగా తగిలే చోట కవరు 45 మి.మీ. దాకా కావాలి, స్లాబుకు వేసే 20 మి.మీ. కవర్ బ్లాకులు అక్కడ చెల్లవు. ఎర్రటి పొడిలాంటి తుప్పు గోనెపట్టతో రుద్దితే పోతే ఫరవాలేదు. పొరలుగా లేస్తే ఊచ సన్నబడ్డట్టు, మళ్లీ తూయించాలి. ఇటుకల మీద ఎత్తుగా పేర్చి, టార్పాలిన్ కప్పి, పక్కలు గాలికి వదలండి. అడుగున గాలాడకుండా ప్లాస్టిక్ చుట్టేస్తే లోపలే చెమట పట్టి ఇంకా వేగంగా తుప్పుపడుతుంది. ఊచలకు సిమెంటు పాలు పూయించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఎండి పెచ్చులూడే ఆ పొర కాంక్రీటు పట్టును చెడగొడుతుంది, దానివల్ల లాభమేమీ లేదు.

కొనే పద్ధతి

అన్ని సైజులూ ఒకేసారి ఆర్డరు పెట్టడమే మందు. డ్రాయింగు నుంచి ఊచల జాబితా తీయించండి. అది లేకపోతే చదరపు అడుగుకు మూడున్నర నుంచి నాలుగు కిలోల చొప్పున వేసుకోవచ్చు, వెయ్యి అడుగుల అంతస్తుకు మూడున్నర నుంచి నాలుగు టన్నులు. ఫుటింగు, కాలమ్ ఊచలు (12, 16, 20) ముందు తెప్పించుకుని, 8, 10లకు డబ్బు కట్టి పేరు రాయించుకోండి. ఆరు నెలల ముందే మొత్తం తెచ్చి వానకు పడేసుకోవడం మాత్రం వద్దు. డీలరును అడగాల్సింది "ధర ఎంత" కన్నా ముందు "ప్లాంటు యార్డు నుంచి మీకు లోడు చివరిసారి ఎప్పుడొచ్చింది" అని. నెల దాటిందంటే అక్కడ 12 మి.మీ. ఆశ పెట్టుకోకండి.

ఏదైనా సైజు దొరక్కపోతే ఆ సైజు మొత్తాన్ని ఇంకో ప్రైమరీ బ్రాండు 500డితో మార్చండి, గ్రేడు అదే ఉండాలి. ఒకే బీములో సగం 500డి, సగం ఊరూపేరూ లేని ఊచ వేయించకండి. 12కు బదులు 10 వేస్తానని మేస్త్రి అంటే ఇంజినీరు చేత లెక్క కట్టించండి. నాలుగు 12 మి.మీ. ఊచల కోతవైశాల్యానికి ఆరు 10 మి.మీ. ఊచలు కావాలి, అయిదు చాలవు.

నాణ్యతకు అయిదులో నాలుగున్నర. తూకానికి నాలుగు. దొరకడానికి రెండున్నర, అదీ ఫర్నేసులు మూడూ వెలుగుతున్న నెలల్లో.